దోమలు రాని బాల్కనీ

నల్లగండ్లలో ఒక అపార్ట్‌మెంటు, మూడో అంతస్తు. చవితి వెళ్లిన వారం, సాయంత్రం. మామగారు సీతారామాంజనేయులు; ఆసుపత్రి నుంచి అప్పుడే ఇంటికొచ్చిన కోడలు హర్షిణి.

"ముందు కూర్చో తల్లీ. తిట్టాలన్నా కూర్చుని తిట్టచ్చు."

"తిడుతలేను మామయ్యా. చెప్తున్న. రేపు ఆమనిని డిశ్చార్జ్ చేస్తరు. బాల్కనీల ఈ మొక్కలున్నంత కాలం నా బిడ్డను ఈ ఇంట్లకు తీస్కరాను. దవాఖాన నుంచి సీదా మియాపూర్, మా అమ్మోళ్లింటికి తీస్కపోత. అంతే."

"రేపేనా! అయితే ప్లేట్‌లెట్లు పెరిగాయన్నమాట."

"పెరుగుతున్నయి. పొద్దున ఇంకొక్క టెస్ట్ చేసి పంపిస్తమన్నరు. ఇయ్యాల ఇడ్లీ తిన్నది. సగం."

"సగం తిందా? సగం! చట్నీతోనా, పంచదారతోనా?"

"నేనేం మాట్లాడుతున్న, మీరేం అడుగుతున్నరు?"

"వింటున్నానమ్మా. మొక్కలు, మియాపూరు, అన్నీ విన్నాను. చట్నీతోనా?"

"చక్కెరతోని."

"అద్గదీ. పంచదార అడిగిందంటే జ్వరం వదిలినట్టే. చారు పెట్టాను, వేడిగా ఉంది. రెండు ముద్దలు తిను. ఆ ఆస్పత్రి కుర్చీలో ఇన్ని రాత్రులు కూర్చుని నీ మొహం చూడు ఎలా పీక్కుపోయిందో."

"ఆకలైతలేదు. ఆడ లోహిత్ ఒక్కడే ఉన్నడు. స్నానం చేసి, దాని బట్టలు తీస్కొని పోవాలె. బొమ్మను గూడ తెమ్మన్నది."

"బుజ్జమ్మనా? ఇదిగో, సోఫాలోనే పడుకోబెట్టి వెళ్లింది. దిండు మర్చిపోకు. దిండు లేకపోతే ఒప్పుకోదు."

"చెప్పింది, చెప్పింది. దిండు లేకుంటే బుజ్జమ్మకు మెడ పట్టేస్తదంట."

"అది నా మాటే. బోనాలప్పుడు నాకు మెడ పట్టేసిందా, మంచి దిండు లేక అన్నాను. అంతే, బుజ్జమ్మకి కూడా దిండు కావాలంది. గుప్పెడు దూది పట్టుకొచ్చి 'తాతా, కుట్టు' అంది. మీ అత్తయ్య జాకెట్టు గుడ్డ ముక్క ఒకటుంటే కుట్టిచ్చాను. కుట్లు వంకరే అనుకో. దూది ఎక్కడిదే అంటే, అమ్మ ఇచ్చిందంది."

"నేనా? నేనెప్పుడిచ్చిన? ఏమో. ఆఫీసు కాల్‌ల ఉన్నప్పుడు అది ఏమడిగినా ఊ అంట. ఇగ ముచ్చట మార్చకున్రి మామయ్యా. మొక్కల సంగతి చెప్పున్రి."

"నేను మార్చలేదమ్మా. బొమ్మ మాట నువ్వే ఎత్తావు."

"సరే, నేనే ఎత్తిన. ఇప్పుడు చెప్పున్రి. అపార్ట్‌మెంట్ గ్రూప్‌ల ఫోటో చూసిన్రా?"

"చూశాను. మొన్న పొద్దున్నే."

"మధుకర్ పెట్టిండు. మన బాల్కనీ ఫోటో, కిందికెళ్లి తీసి. 'అంకుల్ అడవి పెంచుతున్నరు, మన పిల్లలకు జ్వరాలు పెంచుతున్నరు' అని రాసిండు. దాని కింద ఎంతమంది బొటనవేళ్లు పెట్టిన్రో చూసిన్రా? నేను ఐసీయూ బయట కూసోని చదివిన మామయ్యా గదంత. పక్క బ్లాక్‌ల ఎవరికి తలనొప్పొచ్చినా ఇగ మనదే తప్పు."

"సెక్రటరీ కదా, ఆయన కంగారు ఆయనది. మధ్యాహ్నం మనుషుల్ని తీసుకుని వచ్చాడు కూడా. టార్చిలైటు వేసి అంతా వెతికారు. కుండీలు, వాషింగ్ మెషీన్ వెనకాల, ఫ్రిజ్జు కింద ట్రే, బాత్రూముల్లో బకెట్లు. ఎక్కడా చుక్క నీరు నిలవలేదు. వాళ్లే ఆశ్చర్యపోయారు. నీ గది ఒక్కటీ తాళం వేసుంది గనక చూడలేదు."

"నా రూమ్‌ల ఏముంటది? ఆఫీసు లాప్‌టాప్, రెండు మానిటర్లు. తాళం వెయ్యకుంటే కంపెనీ వాళ్లు ఊకోరు. దోమలు మానిటర్ మీద గుడ్లు పెడ్తయా? మొక్కలు ఈడున్నయి. దోమలు ఈడికే వస్తయి."

"ఇవి దోమలు రాకుండా పెట్టిన మొక్కలు కదమ్మా."

"వచ్చినయి కద."

"వచ్చాయి. ఒప్పుకుంటాను."

"మరి?"

"మరి అంటే… నిమ్మగడ్డి. బంతి. పుదీనా. చవితి పూజలో మాచిపత్రి మన కుండీలోదే, చూశావుగా. ఆ మూల వావిలి. ఇన్నింటిని దాటుకుని రావాలంటే దోమకి మాత్రం ఎంత కష్టం? ఏదో ఒకటి ఆపుతుందని…"

"చెట్టు ఉత్తగ నిలబడితే ఏమాపుతది మామయ్యా? డాక్టర్‌ను గూడ అడిగిన. ఆకు నలిపితేనే వాసన, ఆ వాసన గూడ కొంచెం సేపే అన్నడు."

"నలిపేవాణ్ణమ్మా. మీ అత్తయ్య పోయాక కూడా మానలేదు. దీపాల వేళకి నిమ్మగడ్డి నాలుగు పోచలు తెంపి, నలిపి, పిల్ల కాళ్లకీ చేతులకీ రాసేవాణ్ణి. కితకితలని పరిగెత్తేది. హాలంతా తిరిగి పట్టుకునేవాణ్ణి. ఒక్కరోజు తప్పలేదు."

"అదే మామయ్యా నేను చెప్పేది. డెంగీ దోమ పగటిపూట కుడుతది. మీరు పొద్దుమీకినంక రాస్తరు. మిమ్మల్ని అనాలని కాదు."

"లేదులే. నిజమే. పగలు కుడుతుందని నాకు తెలీదు. మీ అత్తయ్యకీ తెలీదు. దోమ అంటే చీకటి పడ్డాకే వస్తుందని, మా ఊళ్లల్లో అదే లెక్క. దీపం పెట్టే వేళకి తలుపులు మూసేవాళ్లం. ఇక్కడి దోమలు కూడా షిఫ్టుల్లో పనిచేస్తాయని ఎవరికి తెలుసు?"

"నవ్వియ్యకున్రి నన్ను. నవ్వే ఓపిక లేదు."

"ఓపిక లేనప్పుడే నవ్వాలమ్మా. పోనీ మజ్జిగ తాగుతావా?"

"తాగుత. ఉప్పెయ్యకున్రి."

"నాకు తెలుసు. ఇంద. … హర్షిణీ, ఒక్క మాట అడుగుతాను, కోప్పడకు. పిల్ల అసలు బాల్కనీలోకే రాదు కదా. బడి నుంచి రాగానే నీ గదిలోకి దూరుతుంది. చీకటి పడేదాకా నీ టేబులు కిందే దాని కాపురం. బుజ్జమ్మ, బుజ్జమ్మ వంట సామాను, అన్నీ అక్కడే. మరి బాల్కనీలో దోమ…"

"దోమకు రెక్కలుంటయి మామయ్యా. ఎగిరొస్తది."

"అవును. అదీ నిజమే."

"ప్రతిదానికి 'అదీ నిజమే' అంటరు. ఒక్కసారన్న గట్టిగ కొట్లాడున్రి. నాకు తిట్టనీకె గూడ మనసొస్తలేదు."

"కొట్లాడ్డం మీ అత్తయ్య శాఖ. నాది వినే శాఖ."

"ఆమె అయితే కొట్లాడేది."

"అబ్బో. ఈ కుండీల జోలికి ఎవరొచ్చినా ఊరుకునేదా? నీతో ఎన్నిసార్లు… వావిలాకు పొగ వేసిన రోజు గుర్తుందా?"

"గుర్తుండకనా? నేను అమెరికా క్లయింట్ కాల్ల ఉన్న. వెనక తలుపు సందులకెళ్లి పొగ. స్క్రీన్ మీద నేను ఉప్పలమ్మ జాతరల పొగల పూనకమొచ్చిన శివసత్తి లెక్క కనవడుతున్న. ఆయన 'ఆర్ యూ సేఫ్' అని పరేషాన్. ఇంతల పైకప్పుకున్న అలారం మొత్తుకునుడు. సెక్యూరిటోళ్లు బకెట్ పట్టుకొని ఉరికొచ్చిన్రు."

"మీ అత్తయ్య వాళ్లకి కాఫీ ఇచ్చి పంపింది. 'పొగే బాబూ, దోమలకి. మీక్కూడా కాస్త పడితే మంచిదే' అంది."

"తర్వాత నేను మస్తు లొల్లి చేసిన."

"చేశావు. ఆవిడ కూడా తక్కువ తినలేదు. రెండు రోజులు మీ ఇద్దరి మధ్యా నేనే పోస్టుమాన్ని. 'కూర దించమనండి.' 'దించిన అని చెప్పున్రి.' నాకైతే ఆ రెండు రోజులూ బాగానే గడిచాయి, ఇద్దరూ నాతోనే మాట్లాడారు."

"…దోమల మొక్కని ఒకటి తెచ్చింది గుర్తుందా? నర్సరీ నుంచి."

"ఎందుకు గుర్తులేదూ? 'ఇది ఉంటే దోమ పదడుగుల దూరంలో ఆగిపోతుందమ్మా' అన్నాడు వాడు. తెచ్చిన సాయంత్రమే ఒక దోమ వచ్చి తిన్నగా దాని ఆకు మీద వాలింది. నేను చూపించాను. 'అడ్రసు కనుక్కోడానికి వచ్చిందిలెండి, రేపటి నుంచి రాదు' అంది. తగ్గేది కాదు."

"తగ్గకపోయేది. అవ్."

"కానీ నీళ్ల విషయంలో మాత్రం మహా గట్టి మనిషి. కుండీ కింద పళ్లేలన్నీ తీయించేసి ఇటుకలు పెట్టించింది. నీళ్లు ఆవిడే పొయ్యాలి, ఇంకొకరు పోస్తే ఎక్కువ పోస్తారని. నేను ఇరిగేషన్ డిపార్ట్‌మెంటులో ఉద్యోగం చేసినవాణ్ణి, నాకు తెలీదా అంటే, 'మీది నీళ్లు నిలబెట్టే డిపార్ట్‌మెంటు, నాది నిలవనివ్వని డిపార్ట్‌మెంటు' అనేది."

"నిమ్మగడ్డి ఎందుకు గట్ల వాలిపోయింది?"

"ఏదీ?"

"ఆ మూలది. ఆకులన్ని కిందికి పడ్డయి."

"ఎండకేమో."

"ఇయ్యాల ఎండేడిది? మొగులు పట్టుంది."

"అయితే గాలికేమో. నీ ఫోను మోగుతోంది చూడు. లోహిత్ కాబోలు."

"లోహితే. స్పీకర్‌ల పెడ్త. చెప్పు లోహిత్, ఇంట్లనే ఉన్న. ఎట్లుంది?"

"పడుకుని లేచింది. బానే ఉంది. నాన్నా, మీరున్నారా?"

"ఉన్నాన్రా. నువ్వేమైనా తిన్నావా?"

"తిన్నాలెండి. నాన్నా, హర్షి చెప్పిందా?"

"చెప్పింది."

"నాకు మాత్రం ఉండదా నాన్నా, అమ్మ మొక్కలని? కానీ రేపు దీన్ని ఇంటికి తెచ్చాక మళ్లీ ఒక్క దోమ కుట్టినా నేను తట్టుకోలేను. రెండోసారి వస్తే ఇంకా ప్రమాదమంటున్నారు. ఎక్కడ పుడుతున్నాయో తెలీనప్పుడు అనుమానం ఉన్నవన్నీ తీసెయ్యడమే కదా. మీరు తప్పుగా అనుకోకండి."

"ఏమీ అనుకోను. నువ్వు కంగారు పడకు."

"ఇదిగో, ఏదో చెప్తుందట."

"తాతా! బుజ్జమ్మ దిండు తేవా?"

"తెస్తారమ్మా, అమ్మ తెస్తోంది. నువ్వు ఇడ్లీ తిన్నావటగా?"

"సగమే తిన్న. సగం తింటే సూది వెయ్యరన్నడు. నాన్న అబద్ధం చెప్పిండు, వేసిన్రు."

"నేనొచ్చి నాన్నని తంతాలే. పడుకో తల్లీ."

"పెట్టేస్త లోహిత్. గంటల వస్త."

"…గొంతు బాగుంది."

"బాగుంది. మొన్నటి దాంక మాటే లేకుండె."

"'తేవా' అంది చూశావా. 'తెస్తావా' అనదు, 'తెస్తవా' అనదు. అటు నాదీ కాదు, ఇటు నీదీ కాదు."

"మామయ్యా."

"ఆఁ?"

"నేను చెడ్డదాన్ని అనుకుంటున్నరు కద."

"ఛ. అదేం మాటమ్మా."

"పోయినోళ్ల గుర్తులు ఉన్నవే గివి, గివి గూడ ఉండనిస్తలేదు అని."

"నేను అలా అనుకోలేదు. నువ్వు తల్లివి. దాని చేతికి సూది గుచ్చుతుంటే పట్టుకున్నదానివి. మొక్కలేంటి, ఇల్లు ఖాళీ చెయ్యమన్నా చేస్తాను. … ఉండు, ఫోను చేస్తా. హలో, ఓదెలూ? నేనయ్యా, మూడో అంతస్తు. తోటపని అయిందా? ఒకసారి పైకి రా, బండి కూడా తెచ్చుకో. మొక్కలు తీసుకెళ్లాలి. ఆఁ, అన్నీ. క్లబ్ హౌస్ వెనక పెడతావో, మీ ఇంటికే పట్టుకెళ్తావో నీ ఇష్టం. అన్నీ అన్నానుగా. తులసి కూడానా? … తులసి ఉండనీ. ఉండనివ్వచ్చా హర్షిణీ?"

"ఉండనియ్యున్రి."

"తులసి ఉంటుందయ్యా. మిగతావి తీసుకెళ్లు. రా."

"ఇయ్యాలనే పంపియ్యాల్నా?"

"రేపు పిల్ల వస్తుంది కదా. ఇల్లు శుభ్రంగా ఉండాలి. ఎలా పంపాలో చెప్తా చూడు. బంతి ముందు పంపుదాం, అది ఎక్కడైనా బతుకుతుంది. వావిలి బరువు, ఓదెలు ఒక్కడూ ఎత్తలేడు, నేను ఓ చెయ్యి వేస్తాను. మాచిపత్రి మళ్లీ చవితికి కావాలంటే కొనుక్కోవచ్చు. పుదీనా… పుదీనా పోతే పోయింది. ఆ గ్రిల్లుకి అల్లుకున్న మనీ ప్లాంటు ఒకటి విప్పాలి. అది దోమలకి పనికిరాదు, ఊరికే పచ్చగా ఉంటుందని మీ అత్తయ్య పెట్టింది. ఆఖర్న ఆస్పత్రికి వెళ్లే ముందు దానిది ఒక కొమ్మ కత్తిరించింది, తెలుసా? ఎవరికో ఇస్తానంది. ఎవరికే అంటే చెప్పలేదు. 'మీకెందుకు' అంది. ఆ కొమ్మ ఎవరింట్లో ఉందో, బతికుందో లేదో."

"…ఎవరికో ఇచ్చే ఉంటదిలెండి."

"ఇచ్చే ఉంటుంది. అన్నమాట తప్పే మనిషి కాదు."

"నేను చార్జర్ తీస్కొస్త. రూమ్‌ల ఉంది."

"బట్టలు నేను సర్దుతాలే. ఆ నీలం గౌను పెట్టనా, రేపు వేసుకుని రావడానికి?"

"పెట్టున్రి."

"మేజోళ్లు కూడా పెడుతున్నాను. బుజ్జమ్మ దిండు నా చేతిలోనే ఉంది, మర్చిపోను. కాళ్లు కప్పి ఉండాలి. పొడుగు చేతులది ఏదైనా ఉందా? … హర్షిణీ? చార్జరు దొరికిందా? … లైటు వేసుకో అమ్మా, చీకట్లో ఏం కనిపిస్తుంది? … హర్షిణీ!"

"ఆఁ. వస్తున్న."

"ఏంటంత సేపు?"

"ఏం లేదు."

"చార్జరేదీ?"

"ఏ చార్జర్?"

"దానికోసమే కదా వెళ్లావు."

"మర్చిపోయిన."

"కూర్చో. కళ్లు తిరుగుతున్నాయా? అందుకే తిని వెళ్లమన్నాను."

"మామయ్యా, మొక్కలు పంపియ్యకున్రి."

"ఏంటీ?"

"ఉండనియ్యున్రి. ఓదెలుకు వద్దని చెప్పున్రి."

"ఇప్పుడేగా మియాపూరన్నావు?"

"పోను. ఈడికే తీస్కొస్త ఆమనిని."

"చూడమ్మా. నా మొహం చూసి జాలిపడుతున్నావు. నాకు తెలుసు, ఆ మనీ ప్లాంటు మాట నేను ఎత్తకుండా ఉండాల్సింది. అది నోరుజారి వచ్చింది. మొక్క మొక్కే. నేను మనసు గట్టి చేసుకున్నాను, మళ్లీ దాన్ని మెత్తన చెయ్యకు. తీసేద్దాం."

"జాలి కాదు."

"మరేంటి? పిల్ల విషయంలో మొహమాటాలేంటి? రేపు మళ్లీ ఒక్క దోమ కుడితే నువ్వు నన్ను ఏమీ అనవు. నన్ను నేనే అనుకుంటాను. నేను బతకగలనా తర్వాత? పంపించేద్దాం."

"వద్దంటున్న కద!"

"ఎందుకో చెప్పు మరి. మొదట్నించీ నీకు ఆవిడ మొక్కలంటే పడదు…"

"పడదని ఎవరన్నరు మీతోని?"

"ఎవరూ అనలేదు. నేనే అనుకున్నాను."

"అందరు గట్లనే అనుకున్నరు. అత్తకు కోడలికి పడదు. పొగకు పడదు, మొక్కకు పడదు. నేను గూడ ఎవరికేం చెప్పలే."

"బెల్లు. ఓదెలు వచ్చినట్టున్నాడు. నేను తీస్తాను."

"తలుపు తియ్యకున్రి మామయ్యా. జర ఆగున్రి."

"పాపం బండి తోసుకుని వచ్చుంటాడమ్మా…"

"పురుగులున్నయి."

"ఎక్కడ?"

"నా రూమ్‌ల."

"నీ గదిలోనా? ఏం పురుగులు?"

"నీళ్లల్ల. మానిటర్ వెనక సీసా ఉంది. లైటెయ్యంగనే కనవడ్డయి. సన్నగ, నల్లగ, మెలికలు తిరుగుతున్నయి. మస్తు. ఒక దోమ గూడ ఎగిరిపోయింది నా మొహం మీదికెళ్లి."

"సీసా ఏంటి? నీ గదిలో సీసా ఎందుకుంది?"

"ఊరగాయ సీసా. మనీ ప్లాంట్ ఉంది దాంట్ల."

"మనీ… ఆ కొమ్మా?"

"ఆ కొమ్మనే."

"నీకా ఇచ్చింది!"

"దవాఖానకు పోయే ముందురోజు తెచ్చి పెట్టింది. నేను కాల్ల ఉన్న, మ్యూట్‌ల పెట్టి 'ఏంది అత్తమ్మా' అని కసురుకున్న. 'పొద్దస్తమానం ఆ తెర చూస్తావు, మధ్యమధ్యలో దీన్ని చూడు, కళ్లు చల్లబడతాయి' అన్నది. అని పోయింది. తెల్లారి దవాఖానకు పోయింది. మళ్ల రాలే."

"నాకు చెప్పనేలేదు చూడు. 'మీకెందుకు' అంది."

"మీకు చెప్తే మీరు నవ్వుతరనుకున్నదేమో. కొట్లాడుకున్న కోడలికి ఇస్తున్న అని."

"…కానీ హర్షిణీ, ఆవిడ నీళ్లు అలా వదిలేసే మనిషి కాదే. దోమ గుడ్లు పెడుతుందని తెలీదా ఆవిడకి?"

"తెలుసు. మూతికి దూది కుక్కి ఇచ్చింది. కాడ సుట్టు, గట్టిగ. దోమ దూరకుండ."

"దూది."

"గా దూదే మామయ్యా. మీ చేతుల ఉన్నది."

"ఈ దిండులో…"

"'అమ్మా తీస్కోనా' అని అడిగి ఉంటది. నేను ఊ అని ఉంట."

"నేను కుట్లు వేశాను. గట్టిగా ఉండాలని రెండు వరసలు వేశాను."

"బోనాలప్పటి నుంచి మూతి తెరిచే ఉంది. అది నా కాళ్ల కాడనే ఆడుకున్నది. అదే టేబుల్ కింద. నేను పైన కూసోని మీ మొక్కల మీద ఏడుస్తున్న."

"ఏడవకు. ఏడవకమ్మా. పిల్ల ఇడ్లీ తింది కదా. సగం తింది. రేపు వస్తుంది. ముందు ఆ నీళ్లు పారబోశావా?"

"లే."

"అదేంటి తల్లీ! అదే కదా మొదట చెయ్యాల్సింది. ఏదీ, నేను తెస్తా. సింకులో పోసి వేడినీళ్లు…"

"సింక్‌ల వద్దు!"

"ఎందుకు?"

"ఒక్కసారి గూడ మార్చలే మామయ్యా ఆ నీళ్లు. తగ్గినప్పుడల్ల, మూతి దిక్కు గూడ చూడకుంట, చెంచాతోని జర జర పైన పోసుకుంట వచ్చిన. కింద ఉన్నయి అవే. అత్తమ్మ పోసినయి. … మళ్ల బెల్లు కొడుతున్నడు."

"వస్తున్నా ఓదెలూ! ఒక్క నిమిషం! … హర్షిణీ, సింకులో వద్దులే. సీసా తీసుకురా, మూతికి చెయ్యి అడ్డం పెట్టుకో. నిమ్మగడ్డి కుండీలో నువ్వే పొయ్యి. దాని మట్టి ఎండిపోయి ఉంది, ఇంకిపోతే పురుగు బతకదు. మొన్న ఆ ఫోటో చూసినప్పుడే, పిల్ల వచ్చేలోపు ఇవన్నీ పంపించెయ్యాలనుకుని, అప్పట్నించీ నేను వేటికీ నీళ్లు పొయ్యలేదు."